తొంభై ఎనిమిది డిగ్రీలు

ఎనుమాముల మార్కెట్టు. రెండో గేటు పక్క అడ్తి దుకాణం.
ఫోన్లో ఈశ్వరయ్య సేటు మాట ఇంకా చెవిలోనే ఉంది:
"గిది ముసల్దైంది చెల్లె. తీసి అవతల పారేసి
కొత్తది పెట్టు, ఎనిమిది కోర్లది."

ఏప్రిల్ నెల.
తేజ మిరప బస్తాలు షెడ్డు కప్పు దాకా.
ఇక్కడ గాలి పీల్చే ముందు ఒకసారి ఆలోచించాలి.

కాంటా చీటీ ఒక్కటి రావడానికి
తెర మీద చిన్న చక్రం గానుగెద్దులా తిరుగుతోంది.
కిటికీ ముందు నర్సంపేట వాళ్ళు, ములుగు వాళ్ళు,
రాత్రంతా ట్రాలీల మీద పడుకున్న కళ్ళు.

మరలు విప్పాను. మూత తీశాను.
మూడు తుమ్ములు.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి పొర;
హీట్ సింక్ సందుల్లో మిరప దుమ్ము
కారం దంచిన రోలు అడుగులా గట్టిపడింది.

"పని చేసేది ఏదక్కా ఇండ్ల?"
నీళ్ళ కుండ దగ్గరికొచ్చిన ఓదెలు,
భుజం మీద బస్తాల కొక్కెం.
ఈ ఫ్యాను కింద, అగ్గిపెట్టెంత బిళ్ళ.
"గంతేనా!"

అడిగాడు కదా అని చెప్పడం మొదలుపెట్టాను.
సెకనుకు మూడు వందల కోట్ల సార్లు కొట్టుకునే గుండె అనుకో.
కూడిక, తీసివేత, ఇదీ అదీ ఒకటేనా అని చూడడం,
అంతే తెలుసు దానికి.
మిగతా తెలివంతా తొందరే.

"కోర్లంటే?"
హమాలీలు. దీనికి నలుగురు.
"ఎనమండుగురైతే సగం పొద్దుకే అయిపోతది గద?"
కాంటా ఒక్కటే ఉంటే?
నవ్వాడు. ఆ లెక్క నాకంటే ముందే తెలుసు అతనికి.
నిన్న కాంటా ఖాళీ లేక
పదహారు మంది కూసోని బీడీలు తాగిండ్రట.

మాటిమాటికీ కావాల్సినవి దాచుకునే చిన్న జాగా క్యాష్,
నీ రొంటిన సున్నం డబ్బీ లాగ.
అందులో లేకపోతే ర్యామ్, దుకాణం దాకా నడక.
అక్కడా లేకపోతే డిస్కు,
ఖమ్మం పోయి వచ్చినంత సేపు.
ఎంత ఉరికే కాళ్ళైనా ఎదురుచూపులో ఉరకలేవు.

"మరి గిది గింత మెల్లగ ఎందుకయ్యింది?"

మూత లేకుండానే ఆన్ చేశాను.
తెర మీద ఒక అంకె ఎక్కింది,
డెబ్భై, ఎనభై ఐదు, తొంభై ఎనిమిది.
పక్కనే ఇంకో అంకె దిగింది,
మూడు వందల కోట్లు, నూట యాభై, ఎనభై.

చూశావా, తనే తగ్గించుకుంటోంది.
కాలిపోకుండా.
ముసలితనం కాదు, బద్ధకమూ కాదు.

ఓదెలు చాలాసేపు ఆ రెండు అంకెలనే చూశాడు.
"మధ్యాన్నం రెండింటికి
నా అడుగు గూడ చిన్నగయితది" అన్నాడు.
"తిన్నది ఏడవోతుందిరా అంటడు ముకద్దం.
నాకు గిట్ల నొసట మీద అంకె ఉంటె
సూపెట్టేటోన్ని."

నా సంచిలో బ్రష్ ఉంది, బ్లోయర్ ఉంది, పేస్టు ట్యూబు ఉంది.
ఆ మాటకు పనికొచ్చేది ఏదీ లేదు.

ఆపేసి, హీట్ సింక్ ఊడదీశాను.
బిళ్ళ మీది పాత పేస్టు
ఎండిన సున్నంలా గోటికి రాలింది.
కొత్తది కందిగింజంత పెట్టాను. ఎక్కువైనా తప్పే.
దుమ్ము ఊదుతుంటే
ఆ మూల కూర్చున్న గుమస్తా కూడా తుమ్మాడు.

ఈసారి అంకె అరవై ఒకటి దగ్గర ఆగింది.
చీటీలు వరసగా రాలాయి.
కిటికీ ముందు మనుషులు కదిలారు.

సేటుకు ఫోన్ చేశాను: కొత్తది అక్కర్లేదు.
నాలుగు వందలు ఇవ్వండి.
గోడకు ఆనించి పెట్టకండి, వెనక గాలి ఆడాలి.
"గాలే గద, గదెంత పని!" అన్నాడు.

బండి తీస్తూ తలెత్తి చూశాను.
షెడ్డు నిండా రేకులు, ఒక్క ఫ్యానూ లేదు.
బస్తా కింద వంగి ఓదెలు,
రెండు కావస్తోంది, అడుగు చిన్నగా పడుతోంది.

ఇంటికొచ్చి నాలుగుసార్లు చేతులు కడిగాను.
అయినా రాత్రి
మరిచిపోయి కన్ను నులుముకుంటే
మండింది.