నోరు కట్టుకున్న వేసవి

మోకాలి ఎక్స్‌రే దీపానికెదురుగా పట్టి
నా కూతురికన్నా చిన్నదైన డాక్టరమ్మ అంది:
"ఎముక అరిగింది సిన్నోవె, మొయ్యాల్సింది మాత్రం తగ్గలేదు.
పగలు పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది దాకా తినండి.
మిగతా పదహారు గంటలూ వంటింటికి తాళం."

తాళమా!
ముప్పయ్యొక్క ఏళ్లు తీరం వెంట తిరిగే ఓడలో వంటమనిషిని.
అలలు గిన్నెల్ని గోడకేసి కొడుతున్నా
నూట నలభై మందికి వేళ తప్పకుండా వడ్డించినదాన్ని.
ఉప్పు చూడ్డానికో చెంచా, ఉడికిందో లేదో ఓ ముక్క,
మిగిలిపోతే పాపమని ఇంకో గరిటె.
అలా చెంచా చెంచాగా పోగైన ఒళ్లు ఇది,
అరవై ఎనిమిదేళ్లకు లెక్క అడుగుతోంది.

పైగా ఇది హామర్‌ఫెస్ట్.
మే నెల మధ్యలో పైకొచ్చిన సూర్యుడు
జులై చివరిదాకా దిగడు.
ఎనిమిదయిందని గోడగడియారం అంటుంది,
కాలేదని కిటికీ అంటుంది.
ఇద్దరి మధ్యా నేను, నల్ల కాఫీ కప్పుతో.

మొదటి వారం కడుపులో ఎలుకలు కాదు,
రెయిన్‌డీర్ మందలు పరిగెత్తాయి.
తెల్లవారుజామున మూడింటికి
(తెల్లవారడానికేముంది, తెల్లగానే ఉంది)
ఫ్రిజ్ తీసి గోధుమరంగు జున్నును
మాటల్లేని పాత స్నేహితురాలి ఫొటోలా చూసి మూసేశాను.
"ఆకలి అలలాంటిది, వచ్చి పోతుంది" అంది పక్కింటి గున్‌వర్.
ఆమె ఎప్పుడూ ఓడెక్కలేదు.
ఒకటి పోయేలోగా ఇంకోటొస్తుంది.

ఆకలి రుచి ఎరుగదంటారు.
ఆ అన్నవాళ్లెవరో అరవై దాటాక పస్తుండి చూడలేదు.
పన్నెండు కొట్టగానే నోట్లో పెట్టుకున్న ఉడికిన బంగాళాదుంప,
దాని మట్టి వాసన, వెన్న, పంటికింద ఉప్పురాయి...
ఇన్నేళ్లూ జనానికి పంచిపెట్టానే గానీ
నేను ఒక్కసారీ తినలేదనిపించింది.
కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిరి వల్లేలెండి.

ఓడ్వార్ మాత్రం రాత్రి తొమ్మిదయితే
పడవల కొట్టంలో పని ఉందంటాడు.
వల బాగుచెయ్యాలంటాడు. ఏ వల?
అమ్మేసి ఆరేళ్లయింది.
ఒక రాత్రి పదకొండున్నరకి,
సూర్యుడు నీళ్ల మీద జారగిలబడి ఉన్నప్పుడు, మెట్లు దిగి వెళ్లాను.
బోర్లించిన బుట్ట మీద కూచుని
కరకరలాడే రొట్టెను కాఫీలో ముంచి
చప్పుడు రాకుండా నములుతున్నాడు.
నలభై మూడేళ్ల కాపురంలో
నా దగ్గర దాచిన మొదటి సంగతి ఆ రొట్టెముక్కే అనుకుంటా.
లేదా నాకు తెలిసిన మొదటిది.

"ఎంత తగ్గావ్?" అన్నాడు మీసాల మీద పొడి దులుపుకుంటూ.
"నాలుగు కిలోలు. పది వారాలకి. అంతే."
ఆయనేం మాట్లాడలేదు.
సాయంత్రం పట్టిన కాడ్ చేపను మంచుపెట్టెలోంచి తీసి
కొక్కెం తూకానికి వేలాడదీశాడు.
ముల్లు వణికి వణికి నాలుగు దగ్గర ఆగింది.
"ఇదిగో. మొన్నటిదాకా దీన్ని చంకనేసుకుని
రోజూ ఈ మెట్లెక్కావు నువ్వు."

చేతుల్లోకి తీసుకున్నాను.
చల్లగా, జారిపోతూ, నోరు తెరిచి ఉంది.
ఆకలేసే కదా గాలానికి చిక్కింది ఇదీ.
ముప్పై రెండు మెట్లు.
పంతొమ్మిదో మెట్టు దగ్గర మోకాలు
పాత గొంతుతో పలికింది.
చేపను ఆయన చేతుల్లో పెట్టేశాను.
"నువ్వు మొయ్యి. నా వంతు అయిపోయింది."

ఇంట్లో గడియారం పన్నెండు చూపిస్తోంది.
పగటి పన్నెండో రాత్రి పన్నెండో
దాని ముళ్లకు తెలీదు, కిటికీకి అంతకన్నా తెలీదు.
ఓడ్వార్ నా వైపు చూశాడు, పొయ్యి మీది గిన్నె వైపు చూశాడు.
"వద్దు," అన్నాను. "రేపు."
కొంచెం ఆగి,
"తలకాయ నాది."