ఎరువు పడవ

పెనిసిమానీ పడవ మూడు రోజులకని తెచ్చాను.
తిరిగిచ్చేముందు మంచినీళ్లతో కడిగాను,
అతుకుల్లో తారు నింపాను,
నాది కాని లంగరుతాడుకు కొత్త ముడి వేశాను.
ఎరువు సొమ్ము బరువు చేటు.

వవావు దీవిలో మా చర్చి తాళాలు మోసేది నేనే.
గృహనిర్వాహకుణ్ణి.
ఇరవై రెండేళ్లుగా కానుకపెట్టెలో
ఒక్క పాంగా తేడా రాలేదు.

మొన్న ఆదివారం ఆరాధనయ్యాక
మట్టిపొయ్యిలో మగ్గిన పంది మాంసం,
కొబ్బరిపాలలో ఉడికిన చేమాకులు
ఆకలికి ఒకసారి, రుచికి ఒకసారి,
మొహమాటానికి ఇంకోసారి తిని
చాప మీద కాళ్లు బారజాపితే
నర్సు లుసేయానీ వంగి నా మడమ చూసింది.

పుండు.
నొప్పి లేదు, నాకు తెలియలేదు.
చీమలకు తెలిసింది.

ఆమె తిట్టలేదు.
తడిగుడ్డతో తుడుస్తూ అడిగింది:
"పడవ ఎవరిది, సైమోనే?"
"పెనిసిమానీది."
"మరి ఈ కాలు?"

సముద్రం వైపు చూశాను.
అది తన పని తాను చేసుకుంటోంది.

ఇప్పుడు చెప్పులేసుకుని రేవుదాకా నడుస్తున్నాను.
కానుకల లెక్కల పుస్తకంలాంటిదే ఇంకోటి కొని
వేలికొన నెత్తుటిచుక్క చెప్పిన అంకె రాస్తున్నాను.
నిన్నటి అంకె చూసి సిగ్గేసింది.
కొట్టెయ్యలేదు.

మూడో వడ్డనకు చెయ్యి అడ్డం పెడితే
వదిన నొచ్చుకుంటోంది.
ఉపవాసం ఇంతకన్నా సులువు.

ఇచ్చినవాడు గడువు చెప్పలేదు.
రాత్రిళ్లు దీపం దగ్గరికి జరుపుకుని
అరికాళ్లు తిప్పి చూసుకుంటున్నాను,
ఒడ్డుకు లాగిన పడవ అడుగు
తడిమి చూసినట్టు.