బహుపరాక్

ఫిబ్రవరి. త్రుమ్సోలో మధ్యాహ్నం మూడింటికే
పొద్దు గుంకి, మంచు నీలంగా ఉంది.
రన్‌వే మొదట్లో ఆగి ఉండగా
కెప్టెన్ ఐలర్ట్ బ్రెక్‌హూస్
"మా కుక్కకి నిన్న ఆపరేషన్..." అన్నాడు.
అంతలో బయల్దేరమన్నారు. మాట అక్కడే తెగింది.
పదివేల అడుగులు దాటేదాకా సొంత కబుర్లు కూడవు.
తెగిన మాట మాత్రం టికెట్ లేకుండా ఎక్కి
ఇద్దరి మధ్యా కూర్చుంది.

పదిహేను వందల అడుగుల దగ్గర ఎడమకి తిరగాలి,
లూమెట్ వైపుకి.
లూమెట్ ఊరు కాదు, దీవి కాదు.
ఎవరో పేరు పెట్టి గాలిలో పాతిన గుంజ.
దానికోసం ఒక బటన్ నొక్కాలి.
తోరున్ నొక్కేసిందని ఐలర్ట్,
ఐలర్ట్ నొక్కేశాడని తోరున్.
వెలగాల్సిన చోట పచ్చదీపం వెలగలేదు.
వెలగని దీపం ఎవరి కంటికి ఆనుతుంది?

విమానం ముక్కుసూటిది. చెప్పిన దారే పోతుంది.
పడమటి గాలి ఒకటి, పాత స్నేహితుడిలా
భుజమ్మీద చెయ్యేసి
మెల్లగా పక్కకి నడిపించుకుపోయింది.

మా భాషలో పరాకు అని ఒక మాట ఉంది.
చూపొక చోట, మనసొక చోట ఉంటే అది పరాకు.
రాజు వస్తుంటే ముందు నడిచేవాళ్లు
"బహుపరాక్" అని అరిచేది మాత్రం
ఒళ్లు దగ్గర పెట్టుకొమ్మని.
జబ్బుకీ మందుకీ ఒకటే పేరు పెట్టినవాడు
ఎప్పుడో ఒక రాత్రి దారి తప్పే ఉంటాడు.

పద్నాలుగో వరసలో
ఎండుచేపల వ్యాపారి గురక పెడుతున్నాడు.
పక్కన ఒక పిల్ల కమలాపండు ఒలుస్తోంది,
తొక్క తెగకుండా, ఒకే తీగగా, నాలుక బయటపెట్టి.

కింద చీకటి గదిలో గున్వర్,
బూట్లు విప్పి, ఉన్ని మేజోళ్లతో.
ఆమె తెర మీద కొండ కొండలా ఉండదు, అంకెలా ఉంటుంది.
గీత దిగి నడుస్తున్న చుక్క పక్కన మరో అంకె.
ఆమె అరవలేదు.
"హావర్న్ ఏడు నాలుగు ఒకటి, మీ హెడింగ్ ఎంత?"
టైమెంతయిందని అడిగినట్టు అడిగింది.

రెండు క్షణాలు ఎవరూ పలకలేదు.
తర్వాత రెండు చేతులు ఒకే బటన్ మీదికి వెళ్లి
వేళ్లు వేళ్లకి తగిలాయి.
"తిరుగుతున్నాం" అంది తోరున్,
ఎవరిదో గొంతుతో.
విమానం ఒరిగింది. మబ్బు చిరిగిన చోట
కుడి కిటికీలో కొండ భుజం,
దాని మీద రెయిన్‌డీర్ల కంచె,
గుంజలు లెక్కపెట్టేంత దగ్గర్లో.

కమలాపండు తొక్క తెగింది.
పిల్ల ఏడుపుముఖం పెట్టింది.

పదివేలు దాటాయి. ఇక మాట్లాడుకోవచ్చు.
మాట్లాడుకోలేదు.

బూడోలో దిగాక ఒక కాగితం నింపాలి.
"కారణం" అన్న చోట గడి అగ్గిపెట్టెంత.
తోరున్ పెన్ను మూత చాలాసేపు కొరికింది.
"కుక్క బతికిందా?" అంది.
"బతికింది. ఒక కన్ను తీసేశారు.
ఆ వైపు గుమ్మాలన్నీ గుద్దుకుంటోంది."
ఆమె నవ్వబోయి ఆగింది.
అతను తన కుడి చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

రాత్రి ఎనిమిదికి గున్వర్ డ్యూటీ దిగింది.
కారు అద్దం మీది మంచు గీకుతుంటే
అప్పుడు వణికాయి చేతులు.
ఊరి కింద సొరంగంలో, రౌండబౌట్ దగ్గర
తన ఇంటి మలుపు దాటిపోయింది.
మళ్లీ చుట్టింది. మళ్లీ దాటిపోయింది.
రేడియోలో ఎవరో రేపటి గాలుల సంగతి చదువుతున్నారు.
మీ హెడింగ్ ఎంత అని
ఆమెని ఎవరూ అడగలేదు.