తుప్పు ఋతువు, పదమూడు భాగాలు

కూబర్ పీడీలో నా ఇల్లు నేల కింద.
పైన నలభై ఆరు డిగ్రీలు,
కింద దుప్పటి కప్పుకునేంత చల్లన.
ఎర్రరాతి గోడలు, కిటికీ లేదు,
గాలికి ఒక గొట్టం.

ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ దిగి
పగలో రాత్రో తెలియని ఆ గదిలో
ప్రపంచం అంతమైపోయాక జరిగే బొమ్మల కథ చూశాం,
నేనూ, పక్క గుహలో ఉండే ట్రాయ్కో.
ఒపల్ రాయి కోసం నలభై ఏళ్ళు తవ్వినవాడు.
ఇప్పుడు మోకాళ్ళకి కట్టు నా చేత కట్టించుకుని
కూలి కింద నాకు బీన్స్ డబ్బాలు ఇస్తాడు.

మూడో భాగంలో మాటే లేదు.
ఇరవై రెండు నిమిషాలు
ఒక పాత యంత్రం రోడ్డు మీద తెల్లగీత గీసుకుంటూ పోతుంది.
ఎవరూ దాటని రోడ్డు.
వెనకాలే దుమ్మొచ్చి గీతని కప్పేస్తుంది.
అది తిరిగి చూడదు,
మెడ తిప్పే కీలు ఎప్పుడో బిగుసుకుపోయింది.
ఆ బొమ్మలు గీసిన చెయ్యి ఎవరిదో గానీ
దుమ్ముని దగ్గరగా చూసిన చెయ్యి.
పొద్దున అరగదీసిన పసుపుకొమ్ము,
మిట్టమధ్యాహ్నం పొయ్యిలో బూడిద,
పొద్దుగూకే వేళ కాగినపాల మీగడ.
ట్రాయ్కో చేతిలో గ్లాసు కింద పెట్టాడు.
అతను గ్లాసు కింద పెట్టగా చూడటం నాకదే మొదలు.

అంత బాగా గీసినవాళ్ళకి
ఈరా జుట్టు మాత్రం తెలియలేదు.
తొమ్మిదేళ్ళు ఎడారిలో నడిచిన పిల్ల,
ఒక్క చిక్కు పడదు!
అనంతపురం ఎండల్లో పెరిగినదాన్ని,
తలంటుకి నీళ్ళు లేని వారం ఎలా ఉంటుందో
నా జడనడిగితే చెప్పేది.
ఎవరూ పొయ్యి వెలిగించరు.
ఎవరూ గిన్నె తోమరు.
ఒక్కరికీ పన్ను నొప్పి రాదు.
ఇన్నేళ్ళ తర్వాత బండికి పెట్రోలెక్కడిదని నేనంటే,
"అది వదిలెయ్ హైమా,
ఆ గుహకి గాలిగొట్టమేదీ?
రెండో రాత్రికే అందరూ పోతారు" అన్నాడు ట్రాయ్కో,
అదొక్కటే తన మీద జరిగిన అన్యాయంలా.

ఎనిమిదో భాగం దుర్మార్గుడిది.
లోకం ఎందుకు కాలిపోయిందో
ఒక్కో వేలూ మడిచి వివరిస్తాడు.
ఎవరడిగారు నాయనా?
నువ్వు చెప్పనంతసేపూ భయమేసింది,
చెప్పాక సోషల్ పాఠం గుర్తొచ్చింది.

పదకొండుకీ పన్నెండుకీ మధ్య
పైన దుమ్ముగాలి లేచి కరెంటు పోయింది.
నేల కింద చీకటి మామూలు చీకటి కాదు,
కళ్ళు తెరిచినా మూసినా ఒకటే లెక్క.
అందులోంచి ట్రాయ్కో గొంతు:
"స్కోప్యెలో భూమి కదిలినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు.
మా వీధి లేదు.
మర్నాడు మా అమ్మ చేసిన మొదటి పని
ఉప్పుందా అని పక్కవాళ్ళనడగటం.
వాళ్ళకీ ఇల్లు లేదు.
ఉప్పు ఉంది."
కాసేపాగి,
"ఈ కథలో ఎవరూ ఉప్పు అడగలేదు చూశావా."

నేనేమీ అనలేదు.
గొట్టంలోంచి సన్నటి దుమ్ము నా మోచేతి మీద పడుతోంది.
ఆ మూడో భాగంలో యంత్రం వీపు మీద పడినట్టే.

కరెంటొచ్చాక మిగతావీ చూశాం.
ముగింపు వాన.
అందరూ తలెత్తి తడుస్తారు, వయొలిన్లు ఏడుస్తాయి,
కొండంత రాగం తీసి కీచుమన్నట్టు.
వాన కోసం ఎదురుచూడటమెలాగో
పన్నెండు భాగాలుగా నేర్పినవాళ్ళే
చివరికి కుళాయి తిప్పేశారు.
ట్రాయ్కో అప్పటికే గురక.

నేను వెనక్కి జరిపి
ఆ యంత్రం దగ్గర ఆపాను.
డ్యూటీకింకా గంటుంది.
గీత, దుమ్ము, గీత, దుమ్ము.

రెండో సీజనొస్తుందట.
చూస్తాం.
ఈసారైనా గాలిగొట్టం గీస్తారేమో.