చుక్క ముట్టని కార్జం

పొద్దున్నే ఏడింటికి వస్తాడు చెంచయ్య.
సైకిలు హ్యాండిలుకి గోనెసంచి, సంచిలో కదలిక.
చేబ్రోలు అవతల, కొమ్మమూరు కాలవ గట్టు నుంచి.
"పన్నెండున్నయ్యమ్మా. నాలుగు మాగాణియి,
మిగతాయి మిరపచేలయి."
కాళ్లకంటిన మట్టి చూసి చెబుతాడు
ఏది ఏ గట్టుదో.

నా పని తూకం.
మత్తు, కత్తెర, ఫార్మలిన్,
ఒక్కో కాలేయాన్నీ గ్రాముల్లోకి దించి
రిజిస్టరులో రాయడం.
మాగాణి ఎలుకది ముదురెరుపు, అంచు పలచన.
మిరపచేను ఎలుకది ఉబ్బి, అంచు మొద్దుబారి,
కలిపిన శనగపిండి రంగు,
వేలికి జిడ్డు.
మైక్రోస్కోపు కింద, చల్లారిన పులుసు మీద నూనెలా
కణం కణంలోనూ బొట్లు.

చెంచయ్యకి మైక్రోస్కోపు అక్కర్లేదు.
పొగకుండ ఊది, బొరియ నోట బుట్ట పెట్టి
యాభై ఏళ్లుగా పట్టాడు, కాల్చాడు, తిన్నాడు.
"మా నాయన కార్జం పిల్లలకే పెట్టేవోడు.
నేను నా మనవరాలికి పెట్టనమ్మా.
చేదు. పిల్లి కూడా వాసన చూసి పోద్ది."

ఓసారి స్లైడు చూపించాను.
ఒంటికన్నుతో చాలాసేపు చూసి
"తాగుబోతు కార్జం" అన్నాడు.
ఎలుక తాగదు కదా చెంచయ్యా?
"మందు కొడతన్నారుగా."

మందు.
పురుగు మీద కొట్టేదీ,
సారాకొట్టు ముందు కొట్టేదీ,
జ్వరానికి మింగేదీ
మన భాష ఒకే సీసాలో పోసింది.

శ్రావణంలో రెండు వారాలు రాలేదు.
వచ్చిననాడు కళ్లు పసుపుకొమ్ములు.
పెద్దాసుపత్రిలో అడిగారట: రోజుకెంత తాగుతావ్?
చుక్క ముట్టనన్నాడు.
అందరూ అదే అంటారులే అని
చీటీ మీద రాసేశారు, మానెయ్యాలి.
ఎలుకల్లేని నెలల్లో ఏం చేస్తావని
ఎవరూ అడగలేదు.
వీపున డబ్బా, మూతికి తడితువ్వాలు,
ఎకరానికింతని కూలి, గాలి ఎటుంటే అటు.

"ఏం మానాలమ్మా?"
చీటీ తెచ్చి నా తక్కెడ పక్కన పెట్టాడు.

ఎలుకని ఎవరూ ఏమీ అడగరు.
దాన్ని నమ్మడానికి మాకు కత్తెర ఉంది.

ఆ రోజు పదకొండే తూచాను.
పన్నెండోది చేతిలోంచి జారి
బీరువా వెనక్కి దూరింది.
గోకుతోంది, ఆగుతోంది, మళ్లీ గోకుతోంది.
బుట్ట తెమ్మంటే చెంచయ్య కదల్లేదు.
బల్ల మీద కూర్చుని, కళ్లు మూసుకుని, విన్నాడు.
"పోనీయమ్మా" అన్నాడు,
"అది మాగాణిది."