మామ్మ పళ్ళసెట్టు

ముందు పళ్ళ గురించి చెప్పాలి.

కేజీహెచ్ చుట్టూ ఏడుసార్లు తిరిగి
కట్టించుకున్న పళ్ళు.
గ్లాసులో నీళ్ళు, నీళ్ళల్లో పళ్ళు.
పొద్దున్న మేం లేచేసరికి కిటికీలో నవ్వుతూ ఉండేవి,
మామ్మ కంటే ముందే.

దాలమ్మ అంటే పూర్ణామార్కెట్లో ఎవరైనా చెప్పేవారు.
చింతపండు బుట్ట వెనకాల
గోనెపట్టా మీద ముప్పైయేళ్ళు కూర్చుంది.
బేరమాడే ఆడవాళ్ళతో
"పులుపు సాల్లేదేటి?
మీ అత్త మాటలు రెండు కలుపుకో" అనేది.
నవ్విన మనిషికి
తక్కెడ కాస్త కిందికే వంగేది.

పేకాటలో మాత్రం పచ్చి మోసం.
జోకరు రొంటిన దోపుకుని
"నానేటి సేసినాను?
ఆ ముక్కే నన్నెతుక్కుంటా వచ్చీసినాది" అంటూ
పదేళ్ళ పిల్లల దగ్గర పావలాలు గెలిచేది.
ఆ పావలాలతోనే మాకు ఐసుపుల్లలు కొని
అప్పు కింద గోడ మీద బొగ్గుతో గీసుకునేది.

సాయంత్రం గుమ్మంలో అడ్డచుట్ట.
నిప్పు నోట్లోకి, చల్లటి కొస బయటికి.
"కాలదా మామ్మా?"
"కాల్తాది. అలవాటైపోనాది."

తాత పోర్టులో ఓడ మీంచి పడిపోయేనాటికి
ఆమెకి ఇరవైతొమ్మిది. చిన్నత్త కడుపులో.
మునిసిపాలిటీ కుళాయి మీద,
యముడి దున్నపోతు మీద,
తన మోకాళ్ళ మీద
ఎన్ని జోకులేసిందో లెక్కలేదు.
ఆ ఒక్కదాని మీదా వెయ్యలేదు.
షిప్‌యార్డు సైరన్ మోగితే
చుట్ట నోట్లోంచి తీసి
అది ఆగేదాకా చేతిలో పట్టుకునేది.

హుద్‌హుద్ మా రేకులన్నీ పట్టుకుపోయిన తెల్లారి
అమ్మ గోడవారగా కూలబడి ఏడుస్తుంటే
మామ్మ నడింట్లో నిలబడి పైకి చూసింది.
"రేకులకి రంగెయ్యరా అని
ఆరేళ్ళనుంచీ ఈడికి సెప్తన్నాను.
తప్పించీసుకున్నాడు."
కరెంటు లేని ఆ వారమంతా
అల్లిపురం వీధిలో సగం మంది మా ఇంట్లోనే,
చుక్కల కింద, కొవ్వొత్తి చుట్టూ, రమ్మీ.
అందరూ ఓడిపోయారు, ఎవరి చేతిలోనో చెప్పక్కర్లేదు.

ఇక పళ్ళ సంగతి.
మరుసటేడు, ఆర్కే బీచిలో.
చీర మోకాళ్ళ పైకి దోపుకుని దిగింది.
పోలీసు ఈల వేస్తే
"నన్నెవుడెత్తుకుపోతాడు నాయినా" అంది.
ఒక అల మా బావని, మొక్కజొన్నపొత్తుతో సహా,
వెల్లకిలా పడేసింది.
మామ్మ నవ్వింది. ఎంత నోరు తెరిచిందంటే
రెండో అల సరాసరి అందులోకే వచ్చింది.

చీకటి పడేదాకా ఇసకలో వెతికాం.
గవ్వలు దొరికాయి. ఎవరిదో చెవిరింగు దొరికింది.
మామ్మ బోసినోటితో మురీమిక్చరు చప్పరిస్తూ
"పోనియ్యండొరే.
ఇన్నేళ్ళ సముద్రం. పాపం, నవ్వుదామంటే
పళ్ళేవీ దానికి?"

మళ్ళీ కట్టించుకోలేదు.
చుట్టకి ఇదే సుఖం అంది.

మొన్న, మూడోరోజు, కుండ పట్టుకుని
నాన్న అక్కడే దిగాడు.
డాల్ఫిన్ నోస్ మీద మబ్బు,
దూరంగా లంగరేసిన ఓడలు ఆరో ఏడో.
వెనక్కి చూడొద్దన్నారు అయ్యగారు.
నాన్న వెనక్కి చూడలేదు,
ముందుకీ చూడలేదు.
అల వచ్చి ఆయన్ని కూలేసింది.
కుండ ఎటుపోయిందో. పంచె ఎటుపోయిందో.

కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ముందు చిన్నత్త. కొంగు నోట్లో కుక్కుకుంది,
ఆగలేదు. తర్వాత నేను.
తర్వాత నీళ్ళల్లో అలాగే కూర్చుని నాన్న.
అయ్యగారు మంత్రం మర్చిపోయారు.

పళ్ళు పదేళ్ళ ముందే వెళ్ళి
జాగా చూసిపెట్టాయి.
మిగతా మామ్మ ఇప్పుడు వెళ్ళింది.

తడిబట్టలతో ఆటో ఎక్కాం.
సీటు తడుస్తుందని విసుక్కున్నాడు.
చావింటి వాళ్ళు ఇలా నవ్వుతారేంటని అడిగాడు.
చెప్పాం, పళ్ళ దగ్గర్నుంచీ.
అల్లిపురంలో దిగాక
మాట్లాడుకున్నదానికి ఇరవై తక్కువే తీసుకున్నాడు.