బోద్రుమ్‌లో ఒక గొయ్యి

టికెట్ చింపి ఇస్తూ రిఫ్కీ ముందే చెప్పేశాడు:
"తలెత్తి చూడకండి. పైన ఏమీ లేదు.
చూడాల్సిందంతా కిందే."

నిజమే.
ఏడు వింతల్లో ఒకటని
బడిలో వేలు మడిచి లెక్కపెట్టిన చోట
ఒక గొయ్యి.
అడుగున గడ్డి. దొర్లిపడ్డ స్తంభాల ముక్కలు,
విసరడానికి గింజ మిగలని తిరగళ్ళలా.
ఒక తాబేలు మాత్రం
రాజును పడుకోబెట్టిన గదికి మెట్లు
ఒక్కొక్కటే దిగుతోంది, తొందరేం లేకుండా.

మిగతాదంతా ఎటు పోయిందని అడిగితే
రిఫ్కీ గడ్డంతోనే చూపించాడు: రేవు మీద కోట.
రొమ్మున శిలువ కుట్టుకొచ్చిన సైనికులు
రాళ్ళు మోసుకెళ్ళి గోడలు లేపారట,
పాలరాతి బొమ్మల్ని బట్టీలో కాల్చి
సున్నం చేశారట.
దొరికిన కొన్ని ఓడెక్కి లండన్ వెళ్ళాయి.
పేరును మాత్రం ఎవరూ మోయక్కర్లేకపోయింది,
దానంతటదే నడిచిపోయింది.
ఇప్పుడు ఎన్ని దేశాల్లోనో, పెద్ద సమాధి ఎవరిదైనా
పిలిచేది మౌసోలస్ పేరుతోనే.
చచ్చినవాడికి ఇల్లు లేదు,
ఊరూరా ఇంటిపేరు.

ప్రహరీ అవతల దుప్పట్లు ఆరేస్తున్న ముకద్దెస్ అవ్వ
నోట్లోంచి క్లిప్పు తీసి పలకరించింది.
ఆమె కోళ్ళగూటికి పునాది
ఈ సమాధి పచ్చరాయే.
"మా ముత్తాత ఇల్లు అదుగో, అక్కడ"
అని గొయ్యి మీది గాలిని చూపించింది.
"తవ్వేవాళ్ళు కొనుక్కున్నారు.
ధర బాగానే ఇచ్చారంట."

రాణి సంగతి ఎత్తిందీ ఆమే.
మొగుడి బూడిదను ద్రాక్షసారాయిలో కలిపి
రోజుకింత తాగేసిందంటారు కదా,
తానే అతని సమాధి అయిపోవాలని.

"కట్టుకథై ఉంటుంది" అన్నాను.
"ఏం, ఎందుకు?" అంది
దుప్పటిని ఫెళ్ళున దులుపుతూ.

ఆమె భర్త స్పంజీల కోసం సముద్రం అడుక్కి వెళ్ళేవాడు.
ఒక అక్టోబరులో తాడొక్కటే పైకొచ్చింది.
బూడిద లేదు. పేరు చెక్కడానికి రాయి పెట్టిన చోటూ లేదు.

"డెబ్భై నాలుగు నాకు. రోజూ పొద్దున్నే ఈతకెళ్తాను.
ఎంత జాగ్రత్తగా ఈదినా
ఒక గుక్క నోట్లోకి పోనే పోతుంది."

అంతే. క్లిప్పు మళ్ళీ పళ్ళ మధ్యకు వెళ్ళింది.
ఇంకో దుప్పటి.

నేను మెట్లు దిగి అడుగున కూర్చున్నాను.
అక్కణ్నుంచి చూస్తే ఆకాశానికి నాలుగు మూలలు,
ఒక మూలలో తెల్లగా ఏదో
ఉబ్బుతూ, వాలుతూ.
కోడి ఒకటి స్తంభం ముక్క ఎక్కి
నన్ను అనుమానంగా చూసింది.

ఆరింటికి రిఫ్కీ ఈల వేశాడు.
తాబేలు ఇంకా మూడో మెట్టు మీదే ఉంది.